యాప్‌కు తెలియని గడి

హైదరాబాద్ కృష్ణానగర్‌లో తెల్లవారుజామున అయిదింటికే రోడ్డు నిండిపోతుంది. జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మెన్, ప్రొడక్షన్ అసిస్టెంట్లు భుజాన సంచులు వేసుకుని వ్యాన్ కోసం చూస్తుంటారు. ఎవరు ఏ బండి ఎక్కాలి, ఎక్కడ దిగాలి, ఎన్నింటికి మేకప్‌కి కూర్చోవాలి అన్నది ముందురోజు రాత్రికి గాని తేలదు. ఒకప్పుడు ఆ వివరాలు కాగితం మీద రాసి పంచేవారు. తర్వాత వాట్సాప్ వచ్చింది. కొన్నేళ్ల క్రితం ఫిల్మ్‌నగర్‌లో ఒక చిన్న ప్రొడక్షన్ ఆఫీసు కోసం మేం ముగ్గురం కలిసి వాటినే ఒక ఆండ్రాయిడ్ యాప్‌లో పెట్టాం.

ఒకరోజు పొద్దున అయిదుంబావుకి ఆ ఆఫీసు ప్రొడక్షన్ మేనేజర్ ఫోన్ చేశాడు. "తమ్ముడూ, యాప్ తెరవగానే మూసుకుపోతోంది. ఇక్కడ నలభై మంది నిలబడి ఉన్నారు. ఎవర్ని ఏ బండెక్కించను?"

"రాత్రి బాగానే ఉంది కదన్నా?"

"రాత్రి బాగానే ఉంది. ఇప్పుడే ఇట్లయింది."

ఆ రాత్రి మేం చేసిన మార్పు ఒక్కటే. డేటాబేస్‌లో ప్రతి షూటింగ్ రికార్డుకీ 'పికప్ పాయింట్' అని కొత్త ఫీల్డ్ చేర్చాం. దాన్ని చూపించే కొత్త వెర్షన్‌ను ప్లే స్టోర్‌లో పెట్టాం. మేనేజర్ ఫోన్‌లో జాగా లేక యాప్ అప్‌డేట్ కాలేదు. పాత యాప్ ఆ రికార్డును తెచ్చుకుంది, అందులో తనకు తెలియని పేరు కనబడింది, అక్కడికక్కడే ఆగిపోయింది. సర్వర్‌లో ఆ ఫీల్డ్ తీసేసేసరికి పాత యాప్ ఉన్న ఫోన్లలో అది మళ్లీ తెరుచుకుంది. పది నిమిషాల పని. ఆ పది నిమిషాలూ నలభై మంది రోడ్డు మీద నిలబడ్డారు.

డేటాబేస్ నుంచి వచ్చిన అక్షరాల వరుసను ప్రోగ్రాం అర్థం చేసుకునే వస్తువుగా మార్చడాన్ని డీసీరియలైజేషన్ అంటారు. మాటల్లో అందరం పార్సింగ్ అనే అంటాం. అలా మార్చేటప్పుడు తనకు తెలియని గడి, అంటే ఫీల్డ్, ఎదురైతే యాప్ ఏం చేయాలి? చూడటానికి చిన్న ప్రశ్న. దీనికి ప్రోగ్రామర్లు మూడు రకాలుగా జవాబు చెప్పారు, చెప్పిన జవాబుల్ని మార్చుకున్నారు కూడా. మొబైల్‌లో ఇది మరీ ముదరడానికి కారణం ఉంది. వెబ్‌సైట్‌ను రాత్రి మారిస్తే పొద్దున అందరూ చూసేది కొత్తదే. యాప్ అలా కాదు. మనం పంపిన ప్రతి వెర్షనూ ఎవరో ఒకరి జేబులో బతికే ఉంటుంది. డేటాబేస్ ఒకటే, దాన్ని చదివే ప్రోగ్రాములు మాత్రం రెండేళ్ల నాటివీ నిన్నటివీ పక్కపక్కనే నడుస్తుంటాయి. కాబట్టి తెలియని ఫీల్డ్ రావడాన్ని పొరపాటుగా లెక్కవేయడం మొదటి తప్పు. బతికున్న ఏ యాప్‌కైనా అది రోజూ ఎదురయ్యే సంగతే.

తెలియనిది కనబడితే ఆగిపొమ్మనేది మొదటి జవాబు. జావా ప్రపంచంలో ఎక్కువమంది వాడే జాక్సన్ లైబ్రరీ చాలాకాలం ఇదే పద్ధతిలో నడిచింది. తనకు చెప్పని పేరు కనబడితే ఎక్సెప్షన్ విసిరేది. మూడో వెర్షన్‌కి వచ్చేసరికి ఆ అలవాటును తిప్పేశారు, ఇప్పుడు అడిగితేనే ఆగుతుంది. కోట్లిన్ వాళ్ల సొంత కోట్లిన్‌ఎక్స్ సీరియలైజేషన్ నేటికీ కఠినంగానే ఉంది. 'ఇగ్నోర్ అన్‌నోన్ కీస్' అనే మీట నొక్కితేనే వదిలిపెడుతుంది. మా యాప్‌లో వాడింది అదే, ఆ మీట మేం నొక్కలేదు. ఆ పద్ధతిని నేను తప్పుపట్టను. ప్రోగ్రామర్ స్పెల్లింగ్ తప్పు రాస్తే మొదటిరోజే దొరికిపోతుంది. కాకపోతే ఆ కాపలా మా టేబుల్ మీద ఉండాలి, కృష్ణానగర్‌లో ఉండకూడదు. టెస్టుల్లో కఠినంగా, జనం చేతిలో మెత్తగా నడిచేలా రెండు సెట్టింగులు పెట్టుకోవడానికి పట్టేది అరపూట.

తెలియనిదాన్ని పక్కనపెట్టి తెలిసినది చదువుకోమనేది రెండో జవాబు. గూగుల్ వాళ్ల జీసన్, స్క్వేర్ వాళ్ల మోషీ మొదటినుంచీ ఈ దారే పట్టాయి. ఆపిల్ 2017లో స్విఫ్ట్ 4తో తెచ్చిన కోడబుల్‌ కూడా అంతే, అదనపు గడుల జోలికి పోదు. ఫ్లట్టర్‌లో డార్ట్ భాషకు వాడే జేసన్ సీరియలైజబుల్ కూడా అడిగితే తప్ప అడ్డుపడదు. గూగుల్ డేటాబేస్ ఫైర్‌స్టోర్‌కు ఉన్న ఆండ్రాయిడ్ లైబ్రరీ అయితే ఫలానా ఫీల్డ్‌కు చోటు దొరకలేదని లాగ్‌లో ఒక హెచ్చరిక రాసి ముందుకు పోతుంది. ఆ హెచ్చరికను చదివేవాళ్లు తక్కువ. చదవాలి.

ఈ ఓర్పు వెనక పాత సూత్రం ఒకటి ఉంది. ఇంటర్నెట్ ప్రోటోకాళ్లు రాసినవాళ్లలో ఒకడైన జాన్ పోస్టెల్ 1980లో పెట్టిన నియమం అది. పంపేటప్పుడు నిక్కచ్చిగా ఉండు, పుచ్చుకునేటప్పుడు ఉదారంగా ఉండు అన్నది దాని సారం. వెబ్ పేజీలు ఇన్నేళ్లు నిలిచాయంటే బ్రౌజర్లు తమకు తెలియని ట్యాగులను దాటుకుని పోతుండబట్టే. అయితే నలభై ఏళ్లకు పైగా గడిచాక, 2023లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 9413 అనే పత్రం ఈ ఉదారతకు అయిన ఖర్చును లెక్కగట్టింది. తప్పుల్ని మౌనంగా మింగితే అవే ఆచారమైపోతాయని, తర్వాత వచ్చేవాళ్లంతా వాటిని మోయాల్సి వస్తుందని అది వాదిస్తుంది. ఇక్కడ ఒక తేడా చూడాలి. తప్పుగా రాసినదాన్ని సర్దుకుని చదవడం ఒకటి, సరిగ్గా రాసిన కొత్తదాన్ని దాటిపోవడం ఇంకొకటి. ఆ పత్రం తప్పుపట్టేది మొదటిదాన్ని. రెండోది లేకపోతే ఏ వ్యవస్థా ఎదగదు.

మేమూ పాత యాప్‌లోనే ఆ 'ఇగ్నోర్ అన్‌నోన్ కీస్' మీట నొక్కి పంపాం, ఆ తర్వాతే పికప్ పాయింట్‌ను మళ్లీ చేర్చాం. యాప్ మూసుకుపోవడం ఆగింది. పని అయిపోయిందనుకున్నాం.

రెండు వారాలు తిరక్కుండానే ఇంకో ఉదయం. ఈసారి ఎవరి యాపూ మూసుకుపోలేదు. లాగ్‌లో ఒక్క ఎర్ర గీత లేదు. కానీ సగం మంది యూసుఫ్‌గూడ బస్తీ దగ్గర ఉన్నారు, వ్యాన్ జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర ఉంది. సర్వర్‌లో ఆ రోజు షూటింగ్ రికార్డు తెరిచి చూస్తే పికప్ పాయింట్ గడే లేదు. ఖాళీగా ఉండటం కాదు, అసలు గడే పోయింది. రాత్రి తొమ్మిదింటికి మేం చూసినప్పుడు ఉంది.

జరిగింది ఇది. పాత యాప్ ఉన్న ఒక అసిస్టెంట్ రాత్రి పదకొండింటికి ఆ రికార్డు తెరిచి, మేకప్ టైమ్ ఆరున్నర నుంచి ఏడుకు మార్చి సేవ్ నొక్కాడు. పాత యాప్ చదివేటప్పుడు తనకు తెలియని గడిని దాటుకుపోయింది. రాసేటప్పుడు తనకు తెలిసిన గడులతోనే రికార్డు మొత్తాన్ని కొత్తగా రాసింది. అతను చేసిన పని నూటికి నూరుపాళ్లు సరైనదే. మా ప్రోగ్రాం అతని చేత, అతనికి తెలియకుండా, ఇంకొకరు రాసింది చెరిపించింది.

షూటింగ్‌లో కంటిన్యూటీ పుస్తకం రాసేవాళ్లకు ఇది చెప్పకుండానే అర్థమవుతుంది. సీన్ నంబరు, షాట్, కాస్ట్యూమ్, డైలాగ్ అని గీతలు గీసి ఉంటాయి. గీతల బయట, పేజీ అంచున పెన్సిల్‌తో 'ఎడమ చేతికి వాచీ' అని ఎవరో రాసి ఉంటారు. కొత్తగా చేరిన కుర్రాడికి ఫెయిర్ కాపీ రాయమని ఇస్తే గీతల లోపలివన్నీ ముత్యాల్లా దించుతాడు. అంచున ఉన్నది ఏ కాలమ్‌లోదో తెలియక వదిలేస్తాడు. నెల తర్వాత అదే సీన్‌కి ప్యాచ్‌వర్క్ తీసేటప్పుడు హీరో చేతికి వాచీ ఉండదు. చదవడం వరకైతే అంచును వదిలేసినా నష్టం లేదు. తిరిగి రాసేవాడు మాత్రం అర్థం కాకపోయినా ఉన్నదున్నట్టు దించాలి.

అదే మూడో జవాబు: తెలియనిదాన్ని దాచుకుని తిరిగి రాసేటప్పుడు అలాగే అప్పగించడం. ఈ వ్యాసంలో నేను గట్టిగా పట్టుబట్టే మాట ఇదొక్కటే. తెలియని ఫీల్డ్ గురించి జరిగే చర్చంతా చదవడం చుట్టూనే తిరుగుతోంది, అసలు నష్టం జరిగేది రాయడంలో. మూసుకుపోయిన యాప్ అరుస్తుంది, మనం లేచి పరుగెత్తుతాం. చెరిగిపోయిన గడి అరవదు.

ఈ పాఠం పెద్దవాళ్లకూ దెబ్బ తగిలాకే తెలిసింది. గూగుల్ డేటా పంపడానికి వాడే ప్రోటోకాల్ బఫర్స్ రెండో తరం తెలియని ఫీల్డులను దాచి, తిరిగి రాసేటప్పుడు అప్పగించేది. 2016లో మూడో తరం విడుదల చేసినప్పుడు ఆ ఏర్పాటు తీసేశారు, తెలియనివి రాలిపోయేవి. మధ్యలో నిలబడి సందేశాలను అందుకుని పంపే సర్వర్లు పాతవైతే చాలు, కొత్త ఫీల్డులు దారిలోనే మాయమవుతాయి. 2017లో 3.5 వెర్షన్‌తో దాచుకునే పద్ధతిని మళ్లీ తెచ్చారు. ఏడాదిన్నరలో వెనక్కి తిరిగారు. వాళ్లు అలా ఒప్పుకుని తిరగడం నాకు గౌరవంగా అనిపిస్తుంది.

ఇంకా పాతదీ ఇంకా అందమైనదీ పీఎన్‌జీ బొమ్మల పద్ధతి. ఫిల్మ్‌నగర్ డిజైనర్లు టైటిల్ లోగోలు పంపుకునే ఆ ఫైళ్లను 1990ల మధ్యలో రూపొందించారు. పీఎన్‌జీ ఫైలు ముక్కలు ముక్కలుగా ఉంటుంది, ప్రతి ముక్కకూ నాలుగక్షరాల పేరు. మొదటి అక్షరం పెద్దబడిలో ఉంటే, ఈ ముక్క అర్థం కాకపోతే బొమ్మ చూపించకు అని. చిన్నబడిలో ఉంటే, అర్థం కాకపోయినా ఫరవాలేదు, ముందుకు వెళ్లు అని. నాలుగో అక్షరం ఎడిటర్ల కోసం. అది చిన్నబడిలో ఉంటే, బొమ్మను మార్చినా ఈ ముక్కను అలాగే కాపీ చేయొచ్చు. పెద్దబడిలో ఉంటే, బొమ్మలో ముఖ్యమైన భాగం మార్చావంటే ఈ ముక్క పాతబడినట్టే, పారేయి. అంటే రేపు పుట్టబోయే ముక్కను నేటి సాఫ్ట్‌వేర్ ఎలా చూడాలో ఆ ముక్క పేరే చెబుతుంది. వెబ్‌సైట్ల భద్రతా సర్టిఫికెట్లలోనూ ఇలాంటిదే ఉంది. ఒక పొడిగింపుకు 'క్రిటికల్' అని గుర్తు పెడితే, దాన్ని అర్థం చేసుకోలేనివాడు సర్టిఫికెట్‌నే తిరస్కరించాలి. మనం డేటా పంపడానికి రోజూ వాడే జేసన్‌లో ఇలాంటి గుర్తు లేదు. కావాలంటే మనమే పెట్టుకోవాలి.

మొబైల్ యాప్‌లో ఇదంతా చేయడానికి సులువైన మార్గం ఒకటుంది. రికార్డు మొత్తం తిరగరాయకుండా, మారిన గడి ఒక్కటే పంపడం. ఫైర్‌స్టోర్‌లో 'సెట్' అంటే మొత్తం తుడిచి రాయడం, 'అప్‌డేట్' అంటే చెప్పిన గడులు మాత్రమే మార్చడం. సెట్‌తోనే 'మెర్జ్' అని చేర్చినా సరిపోతుంది. మా అసిస్టెంట్ ఫోన్ నుంచి మేకప్ టైమ్ ఒక్కటే వెళ్లుంటే ఆ ఉదయం ఎవరూ యూసుఫ్‌గూడలో నిలబడేవారు కాదు. ఒకే పదం తేడా. మొత్తం పంపక తప్పని చోట, జాక్సన్‌లో 'ఎనీ సెట్టర్' లాంటి ఏర్పాటుతో మిగిలినవన్నీ ఒక సంచిలో వేసి, రాసేటప్పుడు ఆ సంచి విప్పి కలపాలి.

ఫోన్ లోపలి దాచుడు గురించి కూడా ఒక మాట. సర్వర్ పంపింది పార్స్ చేశాక తెలిసిన గడులను మాత్రమే ఫోన్‌లో భద్రపరిచే యాప్‌లే ఎక్కువ. వాడేవాడు రేపు యాప్ అప్‌డేట్ చేస్తాడు, కొత్త యాప్‌కు కొత్త గడి తెలుసు, కానీ ఫోన్‌లో దాచిన రికార్డులో అది నిన్ననే రాలిపోయింది. సిగ్నల్ లేని లొకేషన్‌లో ఉంటే తెర ఖాళీ. సర్వర్ నుంచి వచ్చిన అక్షరాలను వచ్చినట్టే దాచి, వాడేటప్పుడల్లా చదువుకుంటే ఈ బాధ లేదు.

ఇంతవరకూ చెప్పింది తెలియని గడి సంగతి. తెలిసిన గడిలో తెలియని విలువ వస్తే? ఇది ఇంకా తరచుగా జరుగుతుంది, మన దగ్గర దీనికి చక్కటి ఉదాహరణ సెన్సార్ సర్టిఫికెట్.

1983 నుంచి మన సినిమాలకు నాలుగే వర్గాలు: యూ, యూఏ, ఏ, ఎస్. నలభై ఏళ్లు కదలని జాబితా అది. ఏ ప్రోగ్రామర్ అయినా దాన్ని ఈనమ్‌గా, అంటే ముందే తేల్చిన విలువల జాబితాగా, రాసి తాళం వేస్తాడు, నేనూ వేశాను. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించి యూఏను యూఏ 7+, యూఏ 13+, యూఏ 16+ అని మూడుగా చీల్చారు. 2024లో కొత్త నిబంధనలు వచ్చాయి. దీనికి ముందే, ఓటీటీల కోసం 2021లో వచ్చిన ఐటీ నిబంధనల్లో ఇదే మూడంచెల విభజన ఉంది. అక్కడ మాత్రం మధ్యలో అడ్డగీతతో యూ/ఏ 13+ అని రాశారు. ఒకే సినిమా థియేటర్‌లో గీత లేకుండా, ఓటీటీలో గీతతో ఉండొచ్చు. మనిషి కంటికి రెండూ ఒకటే, ప్రోగ్రాంకు రెండూ వేరు.

ఇలాంటి చోట లైబ్రరీల ఉదారత పనిచేయదు. స్విఫ్ట్ కోడబుల్ తెలియని గడిని చూసీచూడనట్టు పోతుంది గాని, ఈనమ్‌లో తెలియని విలువ వస్తే తప్పు విసురుతుంది. ఒక్క సినిమా వల్ల వంద సినిమాల జాబితా మొత్తం రాకుండా పోతుంది. డార్ట్‌లో 'అన్‌నోన్ ఈనమ్ వాల్యూ' అని బదులు విలువ చెప్పుకునే వీలుంది. ఆ బదులు విలువ ఏది పెట్టాలన్నది సాంకేతిక ప్రశ్న కాదు. తెలియని సర్టిఫికెట్‌ను 'యూ' అనుకుంటే పిల్లల ప్రొఫైల్‌లో పెద్దల సినిమా కనబడుతుంది. 'ఏ' అనుకుంటే పిల్లల సినిమా ఒకటి కొన్నాళ్లు దాగి ఉంటుంది. నా మట్టుకు రెండోదే. తెలియనప్పుడు ఏ వైపు తప్పినా కోలుకోగలమో ఆ వైపే ఒరగాలి. తెరమీద మాత్రం సర్వర్ పంపిన అక్షరాలే చూపించాలి, మన ఊహ చూపించకూడదు.

2023 నాటి ఆ చట్ట సవరణే ఇంకో ముడి కూడా వేసింది. అంతకుముందు సర్టిఫికెట్ గడువు పదేళ్లు, ఇప్పుడు శాశ్వతం. 'గడువు తేదీ' తప్పనిసరి అనుకుని రాసిన యాప్‌కు ఆ గడి ఇక రాదు. ఉండవలసింది లేకపోవడం తెలియనిది రావడానికి తోబుట్టువు, కానీ ఇంకా మొండిది. జీసన్ కోట్లిన్ క్లాసును కన్‌స్ట్రక్టర్ పిలవకుండానే తయారుచేయగలదు. ఖాళీ ఉండకూడదని మనం రాసుకున్న గడిలోనూ నల్ పెట్టి చేతికిస్తుంది. అప్పుడేం జరగదు. మూడు తెరల తర్వాత, సంబంధం లేని చోట యాప్ కూలుతుంది. కారణం ఒకచోట, శవం ఇంకోచోట. మోషీ అయితే గడి లేదని పార్స్ చేసేచోటే చెప్పేస్తుంది, ఆ నిజాయితీ నాకిష్టం.

జాబితాలు ఎప్పటికీ మారవనుకోవడానికి తెలుగువాళ్లకైతే అసలు వీల్లేదు. 2014 జూన్ 2న రాష్ట్రాల జాబితా మారింది. 2016 దసరాకు తెలంగాణ జిల్లాలు 10 నుంచి 31 అయ్యాయి, 2019లో ములుగు, నారాయణపేట చేరి 33 అయ్యాయి. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 కాస్తా 26 అయ్యాయి. తెలంగాణ బండి నంబర్లలో ఏపీ పోయి టీఎస్ వచ్చింది, 2024 మార్చిలో టీఎస్ పోయి టీజీ వచ్చింది. యూనిట్ వ్యాన్ల నంబర్లు ఎక్కించే గడిలో మేం ఏపీ, టీఎస్ మాత్రమే ఒప్పుకునేలా రాశాం. కొత్త బండి కొన్న డ్రైవర్ తన నంబరు ఎక్కక, పాత బండి నంబరే ఎక్కించి నడిపించాడు. నిజం రాయనివ్వని గడిలో జనం అబద్ధం రాస్తారు, ఆ అబద్ధం డేటాబేస్‌లో స్థిరపడుతుంది.

కఠినంగా ఉండి తీరాల్సిన చోటు ఒకటుంది. ఫోన్ నుంచి సర్వర్‌కు వచ్చే దారి. అక్కడ తెలియని గడిని ఆనందంగా పుచ్చుకుని డేటాబేస్‌లో పోసేస్తే, ఎవరో ఒకరు 'అడ్మిన్' అనే గడి చేర్చి పంపుతారు. 2012లో గిట్‌హబ్‌లో జరిగింది ఈ కోవలోదే. ఫారంలో అదనంగా ఒక గడి పంపి, ఒకతను తనకు హక్కులేని ప్రాజెక్టులో రాయగలిగి చూపించాడు. చదివే ఫోన్ ఓర్పుగా, పుచ్చుకునే సర్వర్ నిక్కచ్చిగా ఉండాలి. మనలో చాలామంది సరిగ్గా తలకిందులుగా కడుతున్నారు.

ఓర్పు అనేది రాసిపెడితే నిలవదు, రోజూ వాడితేనే నిలుస్తుంది. సురక్షిత వెబ్ కనెక్షన్లలో ఉపయోగించే టీఎల్‌ఎస్‌కు కొత్త విలువలు చేర్చబోతే కొన్ని పాత సర్వర్లు, పరికరాల దగ్గర కనెక్షన్లు తెగిపోయేవి. తెలియనివి దాటిపొమ్మని నియమం ఉంది, కానీ అవెప్పుడూ ఎదురుకాకపోవడంతో కొందరు పాటించలేదు. అందుకని బ్రౌజర్లు కావాలనే ప్రతిసారీ అర్థం లేని విలువలు కొన్ని కలిపి పంపడం మొదలుపెట్టాయి. ఆ పద్ధతి పేరు గ్రీజ్, 2020లో ఆర్‌ఎఫ్‌సీ 8701గా వచ్చింది. తలుపు బందులు తుప్పు పట్టకుండా రోజూ ఒకసారి తెరిచి మూయడం లాంటిది.

మేం దాన్నే చిన్నగా చేసుకున్నాం. టెస్ట్ డేటాబేస్‌లో ప్రతి రికార్డుకూ ఏ వెర్షన్‌కూ తెలియని గడి ఒకటి ఎప్పుడూ ఉంటుంది. మేనేజర్ ఫోన్ మార్చాక ఆయన పాత ఫోన్ అడిగి తెచ్చుకున్నాం, దానిమీద ఈ లోపాలు సరిదిద్దిన మొదటి వెర్షన్ వేసి అలాగే ఉంచాం. తెర మూల పగిలి ఉంది, చార్జింగ్ పెట్టి ఉంచితేనే వెలుగుతుంది. సర్వర్‌లో ఏది మార్చినా ముందు దాంట్లో ఒక టెస్ట్ రికార్డు తెరుస్తాం. మేకప్ టైమ్ అరగంట అటో ఇటో జరిపి సేవ్ నొక్కుతాం. తర్వాత సర్వర్ తెర దగ్గరికి వెళ్లి, ఆ తెలియని గడి ఇంకా ఉందా అని చూస్తాం.